రెండు లక్షల కిలోమీటర్ల బండి: ఉంచాలా, తీసెయ్యాలా?

బండి లక్షా ఎనభై వేలు తిరిగింది. షెడ్డులో లిఫ్ట్ మీద ఉంది. క్లచ్ సెట్టు, రెండు లోయర్ ఆర్మ్‌లు, ఒక ఇంజెక్టర్ కలిపి యాభై వేల ఎస్టిమేట్ చేతికొచ్చింది. ఇంట్లో వెంటనే వచ్చే మాట ఒకటే: "రెండున్నర లక్షలు కూడా పలకని బండికి యాభై వేలు పెట్టడమేంటి? తీసేసి కొత్తది కొందాం." వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, రిపేరు ఖర్చును బండి ధర పక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. ఈ బండినే ఇంకో రెండేళ్లు నడిపితే మొత్తం ఎంతవుతుంది, దీని స్థానంలో వచ్చే బండికి అదే రెండేళ్లలో మొత్తం ఎంతవుతుంది అన్నది చూడాలి. యాభై వేలు ఆ మొత్తంలో ఒక పద్దు మాత్రమే.

ఒక నిజమైన బండి పెట్టుకుని చూద్దాం. 2013 మోడల్ మారుతి స్విఫ్ట్ డిజైర్ డీజిల్. మన రెండు రాష్ట్రాల్లో ఏ వీధిలో చూసినా ఒకటి కనిపిస్తుంది. అందులోది ఫియట్ రూపొందించిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజన్. అదే ఇంజన్ రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటోల్లో కూడా వచ్చింది. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లకు స్వస్తి చెప్పినా, ఇన్ని బళ్లలో వాడిన ఇంజన్ కాబట్టి విడిభాగాలకూ తెలిసిన మెకానిక్‌లకూ కొదవ లేదు. పాత బండి ఉంచుకోవాలా వద్దా అన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే. మన దేశం నుంచి వెళ్లిపోయిన కంపెనీ బండైతే, లేదా తక్కువ అమ్ముడైన మోడలైతే, ఇంజన్ ఎంత గట్టిగా ఉన్నా ఒక్క సెన్సర్ కోసం నెల రోజులు షెడ్డులో నిలబడుతుంది.

రెండేళ్ల లెక్క

ఏడాదికి 12,000 కిలోమీటర్లు, అంటే రెండేళ్లకు 24,000. డీజిల్ లీటరు 96, పెట్రోలు 107 రూపాయలు అనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊళ్లో మీ బండికి తగ్గట్టు మార్చుకోండి.

పాత డిజైర్ ఇవాళ 2.40 లక్షలు పలుకుతుంది, రెండేళ్ల తర్వాత 1.60 లక్షలు. అంటే విలువ తగ్గుదల 80 వేలు. రిపేర్లు, సర్వీసులు, టైర్లు అన్నీ కలిపి ధారాళంగానే 1.10 లక్షలు రాసుకుందాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు 3,416 రూపాయలు, దాని మీద జీఎస్టీ. కాస్త సొంత డ్యామేజీ కవర్ కూడా తీసుకుంటే రెండేళ్లకు 14 వేలు. లీటరుకు 18 కిలోమీటర్ల చొప్పున డీజిల్ 1.28 లక్షలు. మొత్తం 3.32 లక్షలు.

ఇప్పుడు ఆన్ రోడ్ 9 లక్షల కొత్త పెట్రోల్ కారు. పాతది అమ్మగా వచ్చిన 2.40 లక్షలు డౌన్ పేమెంట్, మిగతా 6.60 లక్షలు తొమ్మిదిన్నర శాతానికి అయిదేళ్ల లోను. ఈఎంఐ దాదాపు 13,860. మొదటి రెండేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే సుమారు 1.05 లక్షలు. రెండేళ్ల తర్వాత బండి 6.60 లక్షలకు పోతుందనుకుంటే తగ్గుదల 2.40 లక్షలు. సర్వీసులు 16 వేలు, రెండో ఏడు ఇన్సూరెన్స్ 14 వేలు. లీటరుకు 17 కిలోమీటర్లు ఇస్తే పెట్రోలు 1.51 లక్షలు. మొత్తం 5.26 లక్షలు. పాతదానికంటే 1.94 లక్షలు ఎక్కువ, అంటే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. ఈఎంఐలో అసలు కూడా ఉంటుంది కాబట్టి దాన్ని మొత్తంగా ఖర్చు కింద రాయకూడదు, వడ్డీని మాత్రమే రాయాలి. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. కొందరు అటు తప్పి ఈఎంఐ మొత్తాన్ని ఖర్చంటారు, కొందరు ఇటు తప్పి విలువ తగ్గుదలను అసలు రాయరు.

ఇంకో సంగతి కూడా తేలింది. డీజిల్ అమ్మి పెట్రోల్ కొంటే ఇంధనం మీద ఆదా కాదు సరికదా, 23 వేలు అదనం. "కొత్త బండి మైలేజీ ఇస్తుంది" అన్న వాదనను ఏ ఇంధనం నుంచి ఏ ఇంధనానికి మారుతున్నారో చూసుకున్నాకే నమ్మాలి.

ఈ లెక్కన కొత్త కారుతో సమం కావాలంటే పాత డిజైర్ రెండేళ్లలో మూడు లక్షల రిపేర్లు తినాలి. ఇంజన్ మొత్తం విప్పి బోర్ చేయించినా అంత కాదు. డబ్బు లెక్కలో కొత్త కారు గెలవడం చాలా అరుదు.

అసలు పోటీ మూడో దారి నుంచి వస్తుంది. అయిదేళ్ల వయసున్న పెట్రోల్ కారు, ధర 5 లక్షలు. సెకండ్ హ్యాండ్ లోనుకు వడ్డీ ఎక్కువ, 13 శాతం వేసుకుందాం. పాతది అమ్మగా వచ్చింది పోను 2.60 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే మొదటి రెండేళ్ల వడ్డీ 48 వేలు. విలువ తగ్గుదల 90 వేలు, రిపేర్లు 50 వేలు, ఇన్సూరెన్స్ 20 వేలు, పెట్రోలు 1.51 లక్షలు. మొత్తం 3.59 లక్షలు. పాత డిజైర్‌తో తేడా 27 వేలే, నెలకు పదకొండు వందలు. కాబట్టి మీ బండిలో అనుకోని పెద్ద పని ఒక్కటి తగిలినా గెలుపు ఇటు మారిపోతుంది. కాకపోతే ఆ అయిదేళ్ల బండి ఎవరి చేతిలో ఎలా తిరిగిందో మీకు తెలియదు, మీ బండి జాతకం మొత్తం మీకు తెలుసు. ఆ తెలిసినతనానికి నెలకు వెయ్యి కంటే ఎక్కువే విలువ కట్టొచ్చు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్ల సిటీ తిరుగుడైతే అది వేడెక్కి మసిని కాల్చుకునే అవకాశం రాక మూసుకుపోతుంది. హైవే మీద తిరిగేవాళ్లైతేనే ఆ డీజిల్ కొనండి.

మీటరు చెప్పనిది

రెండు లక్షలు అనగానే భయపడతారు గానీ, కిలోమీటర్ల కంటే ఇంజన్ నడిచిన గంటలు ముఖ్యం. అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకు 18 కిలోమీటర్లనుకుంటే లక్ష కిలోమీటర్లకు 5,500 గంటలు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద సగటున 55తో తిరిగిన బండికి అదే లక్షకు 1,800 గంటలు. క్లచ్, స్టార్టర్, బ్రేకులు, ఏసీ కూడా కిలోమీటర్ల కంటే ఆ ఆగి కదిలే తిరుగుడును బట్టే అరుగుతాయి. రెండు లక్షల హైవే బండి కంటే తొంభై వేల సిటీ బండి ఎక్కువ అరిగి ఉండటం వింతేమీ కాదు.

అందుకని నిర్ణయానికి ముందు ఒక పొద్దున బండిని చల్లగా ఉండగానే, పార్క్ చేసిన చోటే చూడాలి. షెడ్డు దాకా నడుపుకెళ్లి చూపిస్తే సగం జబ్బులు వేడికి దాక్కుంటాయి.

స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి గలగలమని ఒకటి రెండు సెకన్లు వచ్చి ఆగితే, టైమింగ్ చైన్ టెన్షనర్‌కు ఆయిల్ ప్రెషర్ అందేవరకు వచ్చే చప్పుడది. వేడెక్కాక ఐడ్లింగ్‌లో కూడా ఆగకపోతే చైన్ సాగిందని అర్థం. ఈ ఇంజన్‌లో చైన్ పళ్లు దాటితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, కాబట్టి వాయిదా వేసే పని కాదు. (డస్టర్ డీజిల్ లాంటి బళ్లలో చైన్ ఉండదు, బెల్టు ఉంటుంది. అది చప్పుడు చేసి హెచ్చరించదు, తెగుతుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.)

సైలెన్సర్ వెనక నిలబడి పొగ రంగు చూడండి. తెల్లటి ఆవిరి చలికాలం పొద్దున ఒక నిమిషం వస్తే ఫర్వాలేదు. తీపి వాసనతో ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్లగా ఉంటే మాత్రం కంగారు వద్దు: ఎయిర్ ఫిల్టర్, ఈజీఆర్ వాల్వు, టర్బో గొట్టం లీకు, ఇంజెక్టర్, ఈ వరసలో చౌక నుంచి ఖరీదు దాకా చూసుకుంటూ పోవాలి.

ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా దాని చోటే ఊరికే పెట్టండి. కాస్త వణకడం మామూలే. మూత ఎగిరి పక్కన పడుతూ, గుప్పుగుప్పున పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగుతోంది, బోర్ పని దగ్గర పడింది. ఆ తర్వాత అసలు కొలత: సమతలం మీద డిప్‌స్టిక్ గరిష్ఠ గీత వరకు ఆయిల్ నింపి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఆ గీత దాకా రావడానికి ఎంత పట్టిందో కొలవండి. వెయ్యికి పావు లీటరు తాగితే పోసుకుంటూ నడుపుకోవచ్చు. లీటరు తాగుతుంటే ఆ ఇంజన్ మీద ఇంకేమీ ఖర్చు పెట్టకూడదు.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే రేడియేటర్ పైగొట్టం రాయిలా బిగుసుకుంటే, కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇంజెక్టర్ల సంగతి మాటల్లో తేలదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు నాలుగు చిన్న సీసాలు తగిలించి కొన్ని నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచమని మెకానిక్‌ను అడగండి. ఏ సీసా మిగతావాటికంటే బాగా ముందు నిండితే ఆ ఇంజెక్టరే దోషి. నాలుగూ మార్చాలన్నవాణ్ని ఈ సీసాలు చూపించమనండి. క్లచ్‌కు మూడో గేరులో 35 వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కడమే పరీక్ష: ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి.

ఇక తుప్పు. ఇది అన్నిటికంటే పెద్ద తీర్పరి, దీన్నే అందరూ చివర్లో చూస్తారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ల బళ్లకు మరీను. డోర్ల కింద పొడుగునా ఉండే రేకు, జాకీ పెట్టే చోటు, ముందు సస్పెన్షన్ పైభాగం బిగించే గూడు, సీట్ల కింద ఫ్లోరు, వీటిని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. టంగుమంటే సరే. మెత్తగా లోపలికి పోతే, పొట్టు రాలితే, టింకరింగ్ చేసి పెయింటు కొట్టడం కంటికి మాత్రమే. ఇంజన్ మార్చొచ్చు, బాడీ మార్చలేం.

వరద నీళ్లలో మునిగిన బండి సంగతీ అంతే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లు ఎన్నో కడిగి మళ్లీ రోడ్డెక్కాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే ఆ చివరి జానెడులో బురద గీత కనిపిస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుం పట్టిందంటే ఈ రోజు పవర్ విండో, రేపు ఏబీఎస్ లైటు, ఎల్లుండి స్టార్టింగ్. దానికి అంతుండదు.

ఏ రిపేరుకు సై, దేనికి నై

క్లచ్, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు, టైర్లు, బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఒకటి రెండు ఇంజెక్టర్లు: ఇవి అరగడానికే పుట్టిన భాగాలు. మారిస్తే ఆ భాగం వరకు బండి మళ్లీ కొత్తదే. పైన చెప్పిన యాభై వేల ఎస్టిమేట్‌లో ఉన్నవన్నీ ఈ జాబితాలోవే, కాబట్టి బాడీ గట్టిగా ఉండి ఆయిల్ తాగకపోతే ఆ డబ్బు నిశ్చింతగా పెట్టొచ్చు.

టర్బో పోయిందంటే మాత్రం ముందు "ఎందుకు పోయింది" అని అడగాలి. ఎక్కువసార్లు ఆయిల్ అందకే పోతుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చడం వల్ల పేరుకున్న మడ్డి, టర్బోకు వెళ్లే సన్నగొట్టాన్ని మూసేస్తుంది. ఆ గొట్టం మార్చకుండా, ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ సంపు విప్పి జల్లెడ కడగకుండా కొత్త టర్బో బిగిస్తే అదీ కొద్ది నెలల్లో ఈల వేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ కూడా ఇలాంటిదే: ఒక్కసారి వేడెక్కి వెంటనే ఆపిన బండైతే చేయించొచ్చు. సూది ఎర్ర గీత మీద ఉండగా పది కిలోమీటర్లు లాక్కొచ్చిన బండిలో హెడ్ వంగి, లోపల ఇంకేం పాడయ్యాయో విప్పితే గానీ తెలియదు. విప్పాక ఆగడం కష్టం.

బోర్ పనికి బదులు సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేయిస్తామని షెడ్డువాళ్లు అంటారు. చౌకే. కానీ ఇంజన్ నంబరు మారుతుంది, దాన్ని ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అది లేకుండా నడిపితే రేపు అమ్మేటప్పుడూ ఇబ్బందే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇబ్బందే.

బోర్, టర్బో, తుప్పు, ఈ మూడింట్లో రెండు కలిసొస్తే అమ్మేయడమే.

పాత పెట్రోల్ బళ్లకు ఇప్పుడు ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గొడవ ఒకటి. పాత బళ్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం తగ్గవచ్చని, ఇరవై ముప్పై వేల కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. బండి తీసెయ్యాల్సినంత కారణం కాదు. ఫ్యూయల్ గొట్టాలు పగుళ్లు వచ్చాయేమో ప్రతి సర్వీసులో చూపించుకుంటే చాలు.

డబ్బు లెక్కలో ఇమడనిది ఒకటుంది. ఆ రోజుల్లో బేస్ మోడళ్లకు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ వచ్చేవి కావు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు ఆ ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. మీది అవేమీ లేని బండై, పిల్లలతో తరచూ హైవే ఎక్కుతుంటే, నెలకు పదకొండు వందల తేడాతో మూడో దారి పట్టడమే మంచిది. ఊళ్లోనే తిరిగే రెండో బండైతే ఆ తొందర లేదు.

పదిహేనేళ్ల గీత

ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద వచ్చిన ఆంక్షలు అక్కడివే. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేదు. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఈ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది, ఆలస్యమైతే నెలకు 500 అదనం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు.

2013 బండి ఆర్‌సీ 2028తో ముగుస్తుంది. కొనేవాడు ముందు చూసేది ఆ తేదీనే, చివరి ఏడాదిలో ధర మెట్లు దిగినట్టు కాదు, జారినట్టు పడుతుంది. కాబట్టి అమ్మేదైతే గడువు ఇంకా రెండేళ్లు ఉండగానే అమ్మాలి. లేదంటే అమ్మకం ఊసెత్తకుండా రెన్యూవల్ చేయించి పూర్తిగా వాడేసుకోవాలి. గడువుకు ఆరు నెలల ముందు అమ్మడమంత నష్టం ఇంకోటి లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర దిగితే పాతదాని ధర కూడా దిగుతుంది, కనుక అంతకు ముందు మీ పక్కింటివాళ్లకు వచ్చిన ధర మీకూ వస్తుందని బేరానికి కూర్చోవద్దు.

అమ్మేదైతే

అమ్మే ముందు కొత్త టైర్లు, క్లచ్ వేయించొద్దు. ఇరవై వేలు పెడితే బేరంలో అయిదు వేలు కూడా తిరిగి రావు. బ్యాటరీ, లైట్లు, ఏసీ గ్యాస్, లోపల శుభ్రం, ఇంతవరకే. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. డిజిటల్ మీటర్లను కూడా వెనక్కి తిప్పేస్తున్న రోజుల్లో, మీ రెండు లక్షలు నిజమని చెప్పేది ఆ ఫైలే. ఆషాఢంలో, శూన్యమాసంలో కొనేవాళ్లు తక్కువ, దసరాకు ముందు అడిగేవాళ్లు ఎక్కువ. తెలంగాణ నంబరు బండిని ఆంధ్రాలో అమ్మాలంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని అక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొనేవాడు ఆ మేరకు తగ్గించే అడుగుతాడు. సొంత రాష్ట్రంలోనే అమ్మడం మేలు.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బండి మూడు చేతులు మారినా సరే. పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసిచ్చి "మీరే మార్పించుకోండి" అని వదిలేస్తే ఆ భారం మీ నెత్తిన ఉన్నట్టే. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. లోను తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే ఫారం 35తో ముందే తీయించుకోండి. అధీకృత డీలరుకు ఇస్తున్నట్లయితే బండి డీలరుకు అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదైందో లేదో చూశాకే తాళాలివ్వండి, వివరాలు ఎక్కాక బండి బాధ్యత డీలరుది. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగ్ రాయించి కొనేవాళ్ల ఆధార్ కాపీ జత చేయండి. ఆ సాయంత్రమే చలానా పడితే అక్కరకొచ్చేది ఆ గంటా నిమిషమే. పెండింగ్ చలానాలు కట్టేసి, ఫాస్టాగ్ మూయించండి.

నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే 50 శాతం దాకా ఉంటుంది. బండి పేరు మారాక ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి దానికి లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే మరో బండికి వాడుకోవచ్చు. కొత్త కారు సొంత డ్యామేజీ ప్రీమియంలో సగం తగ్గడమంటే చిన్న మొత్తం కాదు, అయినా అడిగి తీసుకునేవాళ్లు తక్కువ.